హీటర్ కోర్ మార్చే ముందు ఆ ఒక్క నంబర్ చూడండి

చలికాలం గ్యాడ్జెట్ల లిస్టు అనగానే టచ్‌స్క్రీన్ గ్లోవ్స్, హ్యాండ్ వార్మర్లు, పవర్ బ్యాంకులు గుర్తొస్తాయి. కానీ అమెరికాలోనో కెనడాలోనో ఉంటూ సెకండ్ హ్యాండ్ కారు నడిపే మనవాళ్లకి నేను చెప్పే నంబర్ వన్ గ్యాడ్జెట్ వీటిలో ఏదీ కాదు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే ఓబీడీ డాంగుల్. స్టీరింగ్ కింద ఉన్న పోర్టులో గుచ్చితే కారు కంప్యూటర్ చూస్తున్న నంబర్లన్నీ మీ ఫోన్‌లో కనిపిస్తాయి. మామూలుది సుమారు 20 డాలర్లకే దొరుకుతుంది.

ఫోన్ల సైట్‌లో కారు హీటర్ గోల ఏంటి అనుకోకండి. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. హీటర్ వీక్‌గా ఉంటే పార్టులు మార్చడం మొదలుపెట్టకండి, ముందు కూలెంట్ టెంపరేచర్ చూడండి. ఆ నంబర్ మీ కారులో ఇప్పటికే ఉంది. దాన్ని మీకు చూపించకుండా ఒక బల్బుతోనో సూదితోనో సరిపెట్టడం మాత్రం కార్ల కంపెనీలు చేస్తున్న తప్పు. (ఇక్కడ డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.)

అసలు వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

పెట్రోల్ కారులో గీజర్‌లాగా విడిగా నీళ్లు కాచే కాయిల్ సాధారణంగా ఉండదు. ఇంజిన్ ఎలాగూ బోలెడంత వేడి వదులుతుంది, దాన్నే మనం వాడుకుంటాం. ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్‌లో కొంత రెండు రబ్బరు గొట్టాల ద్వారా డాష్‌బోర్డు వెనక ఉన్న బుల్లి రేడియేటర్‌లోకి వెళ్లి వస్తుంది. దాని పేరే హీటర్ కోర్. బ్లోయర్ ఫ్యాన్ దాని మీదుగా గాలిని తోస్తుంది. వేడి గాలి ఎంత, చల్లగాలి ఎంత కలపాలో బ్లెండ్ డోర్ అనే చిన్న తలుపు చూసుకుంటుంది. మీరు నాబ్ తిప్పినప్పుడు కదిలేది చాలా కార్లలో ఆ తలుపే.

ఇంకో ముఖ్యమైన పార్ట్ థర్మోస్టాట్. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు అది మూసుకునే ఉండి, కూలెంట్‌ని ముందున్న పెద్ద రేడియేటర్ వైపు పోనివ్వదు. కారును బట్టి 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఎక్కడో తెరుచుకుంటుంది. అందుకే మామూలు కారులో ఇంజిన్ వేడెక్కాక కూలెంట్ 90 డిగ్రీల చుట్టుపక్కల నిలబడుతుంది.

మన భాషలో చెప్పాలంటే ఇది నాలుగు లేయర్ల సిస్టమ్. కూలెంట్ వేడెక్కడం సోర్స్. అది హీటర్ కోర్ దాకా వెళ్లడం ట్రాన్స్‌పోర్ట్. బ్లెండ్ డోర్ రూటింగ్. ఫ్యాన్, క్యాబిన్ ఫిల్టర్ డెలివరీ. యాప్ స్లోగా ఉందని యూజర్ కంప్లైంట్ ఇస్తే లాగ్ చూడకుండా డేటాబేస్ సర్వర్ మార్చేస్తామా? హీటర్ విషయంలో మాత్రం చాలామంది చేసేది అదే.

7బీ అంటే 83 డిగ్రీలు

అమెరికాలో 1996 మోడల్ ఇయర్ నుంచి అమ్మిన కార్లన్నిటికీ ఓబీడీ-2 పోర్టు తప్పనిసరి. మీ మొదటి సెకండ్ హ్యాండ్ కారు ఎంత పాతదైనా దాదాపు ఖాయంగా అందులో ఈ పోర్టు ఉంటుంది. డాంగుల్ పెట్టి, బ్లూటూత్‌తో జత చేసి, ఓబీడీ యాప్‌లో కూలెంట్ టెంపరేచర్ డయల్ ఎంచుకుంటే చాలు.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఇంకా ముచ్చటేస్తుంది. యాప్ కారుకి "01 05" అని పంపుతుంది. 01 అంటే లైవ్ డేటా, 05 అంటే కూలెంట్ టెంపరేచర్. కారు నుంచి "41 05 7బీ" అని జవాబు వస్తుంది. హెక్స్‌లో 7బీ అంటే 123. అందులోంచి 40 తీసేస్తే 83 డిగ్రీలు. మైనస్ 40 నుంచి 215 దాకా అన్నీ ఒక్క బైట్‌లో సరిపోయాయి. బీటెక్‌లో నంబర్ సిస్టమ్స్ ఎందుకురా బాబూ అనుకున్నవాళ్లకి ఇదిగో జవాబు.

ఇప్పుడు టెస్ట్. రాత్రంతా బయట నిలబెట్టిన కారులో స్టార్ట్ చేయకముందు చూస్తే ఆ నంబర్ బయటి చలికి దగ్గరగా ఉండాలి. తర్వాత మామూలుగా నడపండి. చలిని బట్టి, కారును బట్టి పది పదిహేను నిమిషాల్లో అది 80 దాటి, 90 దగ్గర నిలకడగా ఉండాలి. సిగ్నల్ దగ్గర ఆగినా, ఫ్రీవే మీద వెళ్లినా పెద్దగా మారకూడదు. రెండు ట్రిప్పుల్లో మీకు ఒక గ్రాఫ్ వస్తుంది. ముందు దాన్ని చూడండి, పార్ట్ పేర్లు తర్వాత.

మా రూమ్మేట్ కారు కథ

పోయిన చలికాలం డెట్రాయిట్ దగ్గర మా రూమ్మేట్ సెడాన్‌లో వేడి సరిగ్గా రావడం మానేసింది. సందుల్లో నడిపితే గోరువెచ్చగా, ఫ్రీవే ఎక్కితే ఇంచుమించు చల్లగా. ఒక షాప్‌కి తీసుకెళ్తే చూసి, హీటర్ కోర్ పోయింది, డాష్‌బోర్డు మొత్తం విప్పాలి, 1100 డాలర్లు అన్నారు. ఎంఎస్ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నవాడికి అది రెండు నెలల రెంట్. "జాకెట్ మీద జాకెట్ వేసుకుని ఏప్రిల్ దాకా లాగించేస్తా మామా" అన్నాడు. "ముందు నంబర్ చూద్దాం ఆగరా" అని నా డాంగుల్ పెట్టి ఇద్దరం బయల్దేరాం.

ఊళ్లో ట్రాఫిక్‌లో కూలెంట్ 74 దాకా వచ్చింది. ఫ్రీవే ఎక్కి పది నిమిషాలు వెళ్లేసరికి 58కి దిగింది. చెక్ ఇంజిన్ లైట్ వెలగలేదు కానీ పెండింగ్ కోడ్స్‌లో పీ0128 ఉంది. థర్మోస్టాట్ నిలబెట్టాల్సిన వేడి కన్నా కూలెంట్ తక్కువగా ఉందని ఆ కోడ్ అర్థం.

దీన్ని చదవడానికి మెకానిక్ అవ్వక్కర్లేదు. సోర్స్ దగ్గరే వేడి లేదు. హీటర్ కోర్ కొత్తది వేసినా దానిలోకి వచ్చేది ఆ 58 డిగ్రీల కూలెంటే. థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే ఇరుక్కుపోతే కూలెంట్ ఎప్పుడూ పెద్ద రేడియేటర్‌లోకి పోతూనే ఉంటుంది. ఫ్రీవే మీద ఎదురుగాలి దాన్ని ఇంకా చల్లారుస్తుంది. అందుకే స్పీడ్ పెరిగే కొద్దీ హీటర్ వీక్ అయింది.

వాడు గ్రాఫ్ స్క్రీన్‌షాట్ పట్టుకుని ఇంకో షాప్‌కి వెళ్లాడు. కూలెంట్ లెవెల్ చూసి, థర్మోస్టాట్ మార్చి, కొత్త కూలెంట్ పోసి 190 డాలర్లు తీసుకున్నారు. మర్నాడు నంబర్ 91 దగ్గర నిలబడింది. ఇంకో లాభం కూడా ఉంది. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ పోస్తుంటుంది కాబట్టి ఇలాంటి కారు పెట్రోల్ కూడా ఎక్కువే తాగుతుంది.

మొదటి షాప్‌వాళ్లు మోసగాళ్లని నేను అనడం లేదు. వేడి రావట్లేదు అన్న ఒక్క మాట మీద ఎవరైనా గెస్ చేయాల్సిందే. మీరు నంబర్‌తో వెళ్తే ఆ గెస్ అవసరం తగ్గుతుంది.

నంబర్ బాగుంది, వేడి మాత్రం రావట్లేదు

కూలెంట్ 90 దగ్గరే ఉంది, గాలి మాత్రం చల్లగా ఉంది అనుకుందాం. అప్పుడు సోర్స్‌ని పక్కన పెట్టి తర్వాతి లేయర్లకి వెళ్లండి.

మొదట కూలెంట్ లెవెల్. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రిజర్వాయర్ మీది గీతలు చూడండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు. లోపల ప్రెషర్ మీద ఉన్న మరిగే కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది. ఈ ఒక్క విషయంలో సాహసాలు వద్దు. లెవెల్ తగ్గితే సిస్టమ్‌లో గాలి చేరుతుంది. ఆగి ఉన్నప్పుడు చల్లగాలి, యాక్సిలరేటర్ నొక్కితే వేడిగాలి వస్తుంటే, డాష్‌బోర్డు వెనక గుడగుడమని నీళ్ల చప్పుడు వినిపిస్తుంటే అనుమానం దీని మీదే. కూలెంట్ పోసి ఊరుకోవద్దు, అది ఎక్కడికి పోయిందో కనుక్కోండి. మంచు ఊరు కదా అని వట్టి యాంటీఫ్రీజ్ పోసేయకండి. నీళ్లతో సగం సగం కలిపిన ఎథిలీన్ గ్లైకాల్ మైనస్ 37 దాకా గడ్డకట్టదు. కలపకుండా పోస్తే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. రంగు చూసి కూలెంట్ కొనడం కూడా తప్పే, ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి.

తర్వాత హీటర్ కోర్‌కి వెళ్లే రెండు గొట్టాలు. ఇక్కడ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పనికొస్తుంది. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది, రబ్బరు మీదే గురిపెట్టండి. తిరిగే బెల్టులకి, ఫ్యాన్‌కి చేతులు దూరంగా ఉంచండి. రెండు గొట్టాలూ వేడిగా ఉంటే కూలెంట్ బాగానే తిరుగుతోంది, సమస్య క్యాబిన్ వైపు ఉంది. ఒకటి బాగా వేడిగా, రెండోది గోరువెచ్చగా ఉంటే హీటర్ కోర్ మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు కూడా వెంటనే మార్చేయకుండా ముందు ఫ్లష్ చేయించి చూడొచ్చు. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ అక్కడిదాకా రావడమే లేదు. లెవెల్, హీటర్ వాల్వ్, వాటర్ పంప్, ఈ వరసలో చూడాలి.

గొట్టాలు రెండూ వేడిగా ఉంటే ఇక బ్లెండ్ డోర్. టెంపరేచర్ మార్చినప్పుడు డాష్‌బోర్డు లోపల టిక్ టిక్ అని చప్పుడు వస్తోందా? డ్రైవర్ వైపు వేడి, పక్క సీటు వైపు చల్లగాలి వస్తోందా? ఆ తలుపును తిప్పే చిన్న మోటార్‌లో ప్లాస్టిక్ పళ్లు అరిగిపోయి ఉండొచ్చు.

ఆఖరుగా గాలి. వచ్చేది వేడిగానే ఉంది, కానీ తక్కువగా ఉందంటే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది, ఐదు నిమిషాల పని. ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో మాత్రమే తిరుగుతుంటే పోయింది సాధారణంగా బ్లోయర్ రెసిస్టర్.

హీటర్ కోర్ నిజంగానే పోయే సందర్భాలూ ఉన్నాయి. కారులో తియ్యటి వాసన, అద్దం లోపలివైపు జిడ్డు పొర, పక్క సీటు కింద కార్పెట్ తడి. ఇవి కనిపిస్తే లీక్ అని అర్థం. ఆ కూలెంట్ విషం, పిల్లల్నీ కుక్కల్నీ దూరంగా ఉంచండి. ఇలాంటప్పుడు డాష్‌బోర్డు విప్పక తప్పదు. లీక్ ఆపుతామని అమ్మే సీసాల మందు మాత్రం నేను పోయను. చిన్న కంత మూసే పదార్థం హీటర్ కోర్‌లోని సన్నని దారులనీ మూసేయగలదు.

జాకెట్ వేసుకుంటే సరిపోదా?

సరిపోదు. హీటర్ అనేది కంఫర్ట్ ఫీచర్ కాదు, సేఫ్టీ ఫీచర్. ముందు అద్దం మీద మంచు కరిగేది, లోపలి ఆవిరి పోయేది ఆ వేడిగాలితోనే. అందుకే అమెరికా ఫెడరల్ మోటార్ వెహికల్ సేఫ్టీ స్టాండర్డ్‌లలో 103వది మొత్తం ముందు అద్దం డీఫ్రాస్టింగ్, డీఫాగింగ్ గురించే ఉంది. వేడి రాని కారులో అద్దం మీద అరచేయంత కంత చేసుకుని తెల్లవారుజామున నడిపేవాళ్లని నేను చూశాను. ఆ కంతలోంచి రోడ్డు దాటే మనిషి కనిపించడు.

డీఫ్రాస్ట్ పెట్టినప్పుడు ఏసీ కూడా ఆన్ అవుతుంటే కంగారుపడకండి, అది గాలిలోని తేమ తీస్తోంది. రీసర్క్యులేషన్ మాత్రం ఆఫ్ చేయండి, లేకపోతే మన ఊపిరి తేమే అద్దం మీద పేరుకుంటుంది. ఇంకోటి. వేడి కోసం మూసిన గరాజ్‌లో ఇంజిన్ ఆన్ చేసి కూర్చోవద్దు. మంచులో కూరుకుపోయిన కారులో అయితే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ముందుగా హెచ్చరించదు.

ఈ నంబర్ డాష్‌బోర్డు మీద ఎందుకు లేదు?

నా అసలు కంప్లైంట్ ఇదే. చాలా చిన్న కార్లలో టెంపరేచర్ మీటర్ తీసేసి ఒక నీలం లైటు, ఒక ఎర్ర లైటు పెట్టారు. నీలం అంటే చల్లగా ఉంది, ఎర్ర అంటే కాలిపోతోంది, మధ్యలో ఏమీ లేదు. మీటర్ ఉన్న కార్లలోనూ చాలావాటిలో ఆ సూది అమాయకమైనది కాదు. కొన్ని పదుల డిగ్రీల తేడా వచ్చినా కదలకుండా నడిమధ్యలో నిలబడేలా సాఫ్ట్‌వేర్‌తో ప్రోగ్రామ్ చేస్తారు.

కంపెనీల తరఫు వాదన నాకు అర్థమవుతుంది. సూది కాస్త కదిలితే చాలు, జనం కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి పరిగెడతారు. అందరూ ఇంజినీర్లు కాదు. మా అమ్మకి 91కీ 97కీ తేడా చెప్పాల్సిన అవసరం లేదు, నిజమే. మామూలు స్క్రీన్ మీద లైటే ఉంచండి. కానీ కావాలనుకున్నవాడికి సెట్టింగ్స్‌లో లోపలెక్కడో ఒక పేజీ అయినా ఇవ్వడానికి అడ్డం ఏముంది? 12 అంగుళాల స్క్రీన్ పెట్టి, యాంబియంట్ లైట్ రంగులు డజన్ల కొద్దీ ఇచ్చి, ఒక్క బైట్ చూపించడానికి చోటు లేదా?

ఈ సినిమా మనం ఫోన్లలో చూశాం. పాత ఐఫోన్లు బ్యాటరీ అరిగిపోయాక స్లో అవుతున్నాయని 2017 డిసెంబర్‌లో యాపిల్ ఒప్పుకుంది. అప్పటిదాకా ఫోన్ ముసలిదైపోయిందనుకుని కొత్తది కొన్నవాళ్లు ఎంతమందో. బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29కి తగ్గించారు, 2018లో ఐఓఎస్ 11.3తో బ్యాటరీ హెల్త్ పేజీ ఇచ్చారు. ఆ పర్సంటేజీ చూసి జనం కంగారుపడి చచ్చిపోలేదు. ఫోన్ మార్చాలా, బ్యాటరీ మార్చాలా అని తేల్చుకోవడం నేర్చుకున్నారు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కొనేటప్పుడు మొదట అడిగేది అదే. కూలెంట్ టెంపరేచర్‌కీ అలాంటి రోజు రావాలి.

ఎలక్ట్రిక్ కార్లలో కథ వేరు, లాజిక్ ఒకటే. అక్కడ వాడుకోవడానికి ఇంజిన్ వేడి ఉండదు. బ్యాటరీ కరెంటుతో రెసిస్టెన్స్ హీటర్‌నో హీట్ పంప్‌నో నడపాలి. అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏ 2019లో ఐదు ఎలక్ట్రిక్ కార్లను టెస్ట్ చేస్తే, మైనస్ 7 దగ్గర హీటర్ వేసినప్పుడు రేంజ్ సగటున 41 శాతం తగ్గింది. అందుకే హీటర్ ఎన్ని కిలోవాట్లు లాగుతోందో ఆ ఓనర్ కూడా చూడగలగాలి.

డాంగుల్ కొనేముందు

ఐఫోన్ వాడేవాళ్లు బ్లూటూత్ లో ఎనర్జీ లేదా వైఫై మోడల్ తీసుకోండి. పాత క్లాసిక్ బ్లూటూత్ డాంగుల్స్ ఆండ్రాయిడ్‌తో పనిచేసినా ఐఫోన్‌తో సాధారణంగా కలవవు. మార్కెట్లో ఈఎల్‌ఎం 327 పేరుతో అమ్మేవాటిలో చాలావరకు నకిలీ చిప్‌లే. టెంపరేచర్ చదవడానికి చాలావరకు సరిపోతాయి కానీ మీ కారు మోడల్‌తో పనిచేసిందన్న రివ్యూలు చూసి, వెనక్కి ఇచ్చే వీలున్న చోటే కొనండి. పని అయ్యాక తీసేయండి. రోజుల తరబడి అలాగే ఉంచితే చలికి అసలే నీరసంగా ఉన్న బ్యాటరీని ఇంకొంచెం తాగేస్తుంది. పైగా పాస్‌వర్డ్ 1234 ఉన్న వస్తువును కారు నెట్‌వర్క్‌కి శాశ్వతంగా తగిలించి ఉంచడం ఏ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌కీ నచ్చదు. డ్రైవ్ చేస్తూ ఫోన్ చూడొద్దు, లాగ్ రికార్డ్ పెట్టి ఇంటికొచ్చాక చూడండి, లేదా పక్కసీటు ఫ్రెండ్‌కి ఇవ్వండి. డాంగుల్ కొనడం ఇష్టం లేకపోతే, చాలా ఆటో పార్ట్స్ దుకాణాల్లో కోడ్స్ ఉచితంగా చదివి చెబుతారు.

చివరిగా మనలాంటి రివ్యూ సైట్లకీ, కార్ల చానెళ్లకీ ఒక మాట. స్క్రీన్ సైజు, కార్‌ప్లే, స్పీకర్ల గురించి పేజీలు పేజీలు రాస్తాం. చలి ప్రాంతంలో కారు టెస్ట్ చేసినప్పుడు రెండు లైన్లు కలుపుదాం. రాత్రంతా బయట ఉన్న కారులో వెంట్ గాలి 40 డిగ్రీలకి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, కూలెంట్ టెంపరేచర్ డాష్‌బోర్డు మీద కనిపిస్తుందా లేదా. వంటింటి థర్మామీటర్ ఒకటి వెంట్‌లో పెడితే మొదటిది తేలిపోతుంది. రెండోది కనిపించదు అని వరసగా పది రివ్యూల్లో రాస్తే, పదకొండో కారులో కనిపించే అవకాశం ఉంది.